ఆషాఢపు గాలిలో సాగరపు టొడ్డున

పల్నాటికి సముద్రము లేదు. కడలి యొడ్డున కొండచరియలపై నిలిచి గాలిని అనుభవింపవలెనన్న విశాఖపట్టణమునకో, భీమునిపట్టణమునకో పోవలసినదే. మనకున్నది నాగార్జునసాగరము. అది పేరునకు మాత్రమే సాగరమని తలచు సోదరీమణులు ఆషాఢమాసమున ఒకమారు విజయపురి దక్షిణపు రేవునకు రావలెను. పడమటిగాలి విసరునపుడు ఆ నీరు నిజముగనే కడలివలె లేచి రాతిచరియలను మోదును. ఆ జలాశయపు నిండుమట్టము 590 అడుగులు. ఎగువనుండి వరద రాకముందు నీరు సాధారణముగ తగ్గియుండును గనుక, చరియలపై నీరు దిగిన తెల్లని చారలు ఒకదానిక్రింద నొకటి కానవచ్చును.

మొన్నటి ఆషాఢమున మేము అయిదుగురము గురజాలనుండి తెల్లవారుజామున బయలుదేరితిమి. మాచెర్లలో చెన్నకేశవస్వామిని సేవించుకొని, ఎత్తిపోతలను మరొకనాటికి విడిచి, తిన్నగా రేవు చేరితిమి. నలుగురము ఈడువారము. అయిదవవారు మా వీధి పిన్నిగారు. వారికి డెబ్బదియెనిమిదేండ్లు. వారి పుట్టినూరు ఆ నీటి యడుగున నున్నది. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి. ఆ నడుమనే, తమ పదునాలుగవ యేట, పిన్నిగారు తలిదండ్రులతో బండి యెక్కి ఊరు విడిచిరి. లాంచీలో కొండకు పోవుచు తమ యూరి మీదుగా ఒక్కమారు సాగిపోవలెనని వారి కోరిక.

గాలి హెచ్చుగా నున్నదని ఆనాడు లాంచీలు నిలిపివేసిరి.

ఇంతలో చేపలు పట్టువా డొకడు వచ్చి, తన పుట్టిలో కొంతదూరము త్రిప్పి తెచ్చెదనని బేరమునకు దిగెను. మాలో ఒకామె, "పెద్దావిడ ముచ్చట, మళ్ళీ వస్తారో రారో, ఒడ్డువెంటే పోదాం" అనెను. పిన్నిగారు చీర బొడ్డున బిగించి, "ఊరే మునిగిపోయింది, నేనెంత! పదండి" అనిరి. నేను ఒప్పుకొనలేదు. పెద్ద లాంచీయే వలదన్న గాలిలో అడుగున పట్టులేని గుండ్రని పుట్టి గిరగిర తిరుగును. తొడుగుకొనుటకు తేలెడి చొక్కా యొక్కటియు లేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద పడవ మునిగి ఎందరు పోయిరో మనమెరుగుదుము గదా. పిన్నిగారు నాతో పలుకుట మానిరి. కారెక్కునపుడు చేయి యందిచ్చినను పట్టుకొనలేదు.

అచ్చటినుండి అనుపునకు పోయితిమి. 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములలో బయల్పడిన కట్టడములలో కొన్నిటిని నాగార్జునకొండ శిఖరమున, కొన్నిటిని ఇచ్చట, నీరందని చోట, మరల నిలిపిరి. ఆ శిఖర మిప్పుడొక ద్వీపము. మెట్లమెట్లుగా నున్న రంగస్థలమున కూర్చుంటిమి. గాలికి మాట వినబడక, ఒకరి చెవిలో నొకరు అరచుకొనవలసివచ్చెను. తెచ్చిన పులిహోర విస్తళ్ళు రెండు ఎగిరి ఎటు పోయినవో!

క్రీస్తుశకము మూడవ శతాబ్దమున ఇక్ష్వాకురాజులు ఈ లోయయందే విజయపురిని ఏలిరి. శాంతమూల మహారాజు అశ్వమేధము చేసిన వైదికుడు. ఆయన చెల్లెలు శాంతిశ్రీ బుద్ధుని మహాచైత్యమునకు స్తంభములు నిలిపిన దాత. ఒకే యింట రెండు నోములన్నమాట! ఆమె మేనల్లుడు వీరపురుషదత్తుని ఆరవ యేటి శాసనములలో ఆమె పేరు చెక్కబడియున్నది. రాజకుటుంబమునకు చెందని ఉపాసిక బోధిశ్రీ సింహళ భిక్షువులకొరకు చైత్యగృహము కట్టించి, ఆ శాసనమున తన బంధువుల నందరను పేరుపేరున తలచెను. ఈ సంగతులు నేను అరచి చెప్పుచుండగా పిన్నిగారు మొదటిసారి నావైపు తిరిగిరి.

"ఆడవాళ్ళ పేర్లేనా?"

"అవును పిన్నిగారూ, రాతిమీద."

"మా పొలానికి పరిహారం కాగితం వచ్చినప్పుడు దానిమీద అంతా మా నాన్న పేరే. ఆ పొలం మా అమ్మకు పసుపుకుంకాల కింద వచ్చింది. అమ్మ పేరు ఎక్కడా లేదు."

అని నీటివైపు వ్రేలు చూపి, రామాలయమెచ్చటిదో, చింతచెట్టెచ్చటిదో, తల్లి నీరు తోడిన దిగుడుబావి యెచ్చటిదో చెప్పసాగిరి. మేము చూచుచున్నది తరగలనే. నేను సంచిలోని చాకలిపద్దు పుస్తకము తీసి, వెనుకపుటమున వారు చెప్పినవన్నియు వ్రాసికొంటిని. మొట్టమొదట వారి తల్లి పేరు వ్రాయించిరి.

వెళ్ళదలచు సోదరీమణులు కార్తీకమునకో మాఘమునకో నిశ్చయించుకొనుట మేలు, గాలి మెత్తబడియుండును. ఉదయపు లాంచీయే మంచిది. పిన్నిగారు కార్తీకపౌర్ణమి మరునాటికి ఇప్పుడే మాట తీసికొనియున్నారు.