డ్రోను చూసిన ఎత్తుపల్లాలు రైతుకెందుకు చెప్పరు?

సార్వా నాట్లు పడిన పది రోజులకే వాన దంచిందంటే మన చేలు చెరువులవుతాయి. నీరు లాగదు, నాటు కుళ్లిపోతుంది. మళ్లీ నారు, మళ్లీ కూలి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు కాలవల మాటా గట్టిగానే వినిపించింది.

డెల్టా నేల బల్లపరుపు. ఏ చేను బతుకుతుందో, ఏది మునుగుతుందో జానెడు తేడాలోనే తేలిపోతుంది. ఆ జానెడును ఊరు మొత్తానికి కొలిచే సాధనం ఇప్పుడుంది. వేలు ముఖానికి ఎదురుగా పెట్టి ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండోది మూసి చూడండి. వేలు పక్కకు జరిగినట్టుంటుంది, దూరాన కొబ్బరిచెట్టు కదలదు. ఎంత జరిగిందో లెక్కగట్టి దూరం చెప్పడమే జంట కెమెరాల విద్య. డ్రోనుకు కెమెరా ఒక్కటే అయినా, ఎగురుతూ ఒకే గట్టును నాలుగైదు చోట్ల నుంచి ఫొటో తీస్తుంది గనుక సరిపోతుంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పైకెళ్లిన కార్టోశాట్-1కి అచ్చంగా రెండు కెమెరాలు పెట్టారు. ఒకటి 26 డిగ్రీలు ముందుకు, రెండోది 5 డిగ్రీలు వెనక్కు వంచి. కానీ దాని పటాల్లో ఎత్తు కొన్ని మీటర్లు అటూఇటూ ఉంటుంది. కొండలకు చాలు, కోనసీమకు చాలదు. డ్రోను కిందుగా ఎగురుతుంది. నేల మీద గుర్తులు పెట్టి సరిచూస్తే బెత్తెడు లోపు తేడాతో చెప్పేస్తుంది.

2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు ఎగిరింది హద్దుల కోసం. ఆ పటం సరిగా రావాలన్నా ఎత్తులు లెక్కగట్టక తప్పదు. మరి ఆ లెక్కను రైతు సేవా కేంద్రం గోడకు అంటిస్తే ఏం పోతుంది?

అయితే కెమెరాకు పైన కనిపించిందే లోకం. చేలో పైరుంటే పైరు ఎత్తే చెబుతుంది. మెరిసే నీటి మీద తికమక పడుతుంది. గుర్రపుడెక్కను చూసి అదే నేల అనుకుంటుంది. అందుకని దాళ్వా కోతలయ్యాక, కాలవలు కట్టేసిన వేసవిలో ఎగరేయాలి. మురుగు కాలవ అడుగు మాత్రం మనిషి దిగి కొలవాల్సిందే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర కాలంలో కొలిచిందీ మనుషులే కదా!

రెండేళ్లకోసారి అదే దారిన ఎగరేసి పాత పటంతో పోల్చితే, ఏ గట్టు జారింది, ఎవరి చెరువు గట్టు మురుగు కాలవలోకి జరిగింది బయటపడుతుంది. పల్లపు చేను చేసేది ఎక్కువగా కౌలురైతే. పెద్ద చెరువుల ఆసామితో అతను నోటితో వాదించలేడు. తేదీ వేసిన పటం చేతిలో ఉంటే అధికారిని అడగగలడు. బహుశా అందుకే కొందరికి ఈ పటం మీద ఆసక్తి లేదేమో.

ఈసారి గ్రామసభలో హద్దుల పటంతో పాటు ఎత్తుల పటం కూడా కావాలని తీర్మానం రాయించండి. నకలు మీ దగ్గర ఉంచుకోండి.