ఆవగింజంత తేడా

ఇంట్లో కాఫీ ఒకరోజు అమృతంలాగా, మరునాడు కషాయంలాగా వున్నదంటే తప్పు గింజలది కాదు. ఒకనాడు పొడిని చెంచాతో కొలిచి, ఇంకొకనాడు చేతికి వచ్చినంత వేయడంలో వుంది. రైఫిలు గురి సంగతీ సరిగ్గా ఇంతే!

పేల్చిన పది గుండ్లూ నడిబొట్టుకు జానెడు ఎడమగానే, అయినా ఒకేచోట తగిలాయనుకోండి. దిగులు లేదు. గురిచూసే అమరికను ఆ మేరకు జరిపితే సరిపోతుంది. ఒకటి అటూ ఒకటి ఇటూ పోతే మాత్రం ఏ మరను తిప్పి సరిచేస్తారు? అందుకే దూరపు పందేలలో పాల్గొనేవారు, ముఖ్యంగా అమెరికాలో, చాలామంది అంగడి తూటాలతో తృప్తిపడరు. ఇంట్లో బల్ల ముందు కూర్చుని తామే తయారుచేసుకుంటారు.

తూటాలో వుండేవి నాలుగే. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పురవ్వ పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతిన గుండు. పేల్చిన తరువాత గొట్టం మళ్ళీ పనికివస్తుంది. కాని ఆ ఒత్తిడికి అది సాగి వుంటుంది. కనుక దాన్ని అచ్చులో నొక్కి, పొడవు కొలిచి, పెరిగినది కోసేస్తారు. మందును గ్రెయిన్లలో తూస్తారు. పౌనుకు 7000 గ్రెయిన్లు. వీరు గ్రెయినులో పదోవంతు తేడానైనా ఒప్పుకోరు! గుండు దిగిన లోతుకూడా అన్ని తూటాలలోనూ ఒక్కటిగానే వుండాలి.

ఎందుకింత చాదస్తమంటారా? మందు తగ్గితే గుండు వేగం తగ్గుతుంది. మెల్లగా పోయే గుండు గాలిలో ఎక్కువసేపు వుంటుంది. వున్నకొద్దీ కిందికి దిగిపోతుంది. నూరు గజాల్లో కంటికి ఆనని తేడా వెయ్యి గజాల్లో కొట్టవచ్చినట్లు కనబడుతుంది. మందు ఎక్కువైతే తుపాకే పగిలి ప్రాణం మీదికి రావచ్చు. మన దేశంలోనయితే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం కూడాను.

మరి తూకం సరిపోతే గెలుపు మనదేనా? 1874 సెప్టెంబరు 26న న్యూయార్కు దగ్గర క్రీడ్‌మూర్ మైదానంలో ఐర్లండు, అమెరికా జట్లు తలపడ్డాయి. జట్టుకు ఆరుగురు. దూరాలు 800, 900, 1000 గజాలు. ఐర్లండువారివి మూతినుంచి మందు కూరే తుపాకులు, అమెరికావారివి వెనుకనుంచి తూటా పెట్టేవి. ఐర్లండు జట్టులోని మిల్నర్ పేల్చిన ఒక గుండు నడిబొట్టులోనే తగిలింది. కాని ఆ పలక తనది కాదు, పక్కవారిది! నాలుగు మార్కులు రావలసినచోట సున్న వచ్చింది.

చివరికి ఐర్లండు 931, అమెరికా 930. మిగిలింది అమెరికావారి ఒక్క గుండు. పేల్చవలసిన కర్నల్ బోడైన్ చేతిలో అంతకుముందే సోడాసీసా పగిలి నెత్తురు కారుతున్నదట. రుమాలు చుట్టుకుని పేల్చాడు. నడిబొట్టు! 934కు 931. మిల్నర్ నాలుగూ కలిసివుంటే ఐర్లండుకు 935 వచ్చేవి.

ఆ గుండుకు మందు తక్కువ కాలేదు, చెయ్యి వణకలేదు. పలక ఒక్కటే మారింది. రాత్రంతా కూర్చుని ఆవగింజంత తేడా లేకుండా తూచినవాడైనా సరే, పేల్చబోయే ముందు ఎదుటనున్న పలక తనదేనా అని ఒక్కసారి చూసుకోవలసిందే.