మనవాడే కదా అని కూలి ఎగ్గొట్టకండి

ఈ వారం కొంచెం ఘాటుగా రాస్తున్నాం. మాది తమిళ బడి చదువు, తెలుగు రాత ఇంట్లో పెద్దలు దిద్దించినది. అక్షరంలో తప్పుంటే దిద్దండి, విషయంలో తప్పుంటే వాదించండి.

మన హోసూరు రోజాల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి 14 వస్తుందంటే ఇక్కడి పూలు విమానాలెక్కి పోతాయి. పూలు పోవాలంటే ముందు వాటి ఫోటోలు పోవాలి. కేటలాగుకు ఫోటో, దూరాన ఉన్న వ్యాపారికి వాట్సాప్‌లో ఫోటో, తోటలో గదులు కట్టి అద్దెకిచ్చేవాళ్ళకు ప్రకటన ఫోటో. ఈ పనికి పోయేది మన పిలకాయలే. నెల సంబళం లేదు, పి.ఎఫ్. లేదు, పిలిచిన రోజే పని. పేరుకు ఫ్రీలాన్సు, లోపల రోజు కూలి. పిలిచేవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. ఈ రాత వాళ్ళ కోసమే.

మన సంఘం కుర్రాడొకడు ఒక తోటలో పని ఒప్పుకున్నాడు. మాట ఏమంటే, కేటలాగుకు 40 ఫోటోలు. కాగితం లేదు, అడ్వాన్సు లేదు. "నువ్వు మావాడివి కదరా, డబ్బు ఎక్కడికి పోతుంది" అన్నారు. మొదటి రోజు వాన పడింది, ఆ రోజు లెక్కలోకే రాలేదు. తర్వాత రెండు రోజులు తీశాడు. కేటలాగుకని ఇచ్చిన ఫోటోలు రోడ్డు పక్క హోర్డింగు ఎక్కాయి, ఆ పైన క్యాలెండరు ఎక్కాయి. వాడి పేరు ఎక్కడా లేదు. ఐదు నెలలు తిరిగితే సగం డబ్బు చేతిలో పెట్టి, మిగతాది సీజన్ అయ్యాక చూద్దాం అన్నారు. ఎరువు అమ్మినవాడికి, డ్రిప్పు పైపులు వేసినవాడికి ఇదే మాట చెప్పగలరా? చెప్తే మరుసటి లోడు దిగదు. మనవాడు అయినందుకే వీడికి ఆ మర్యాద దక్కలేదు.

"బటన్ నొక్కడమే కదా, ఫోన్‌లో మేమే తీసుకుంటాం" అనే పెద్దమనుషులకు ఒక మాట. తీసుకోండి, ఎవరు వద్దన్నారు? తీసి చూసుకుని, బాగా రాకే కదా పిల్లవాణ్ణి పిలిచింది! ఎర్ర రోజా కెమెరాకు అంత సులువుగా లొంగదు. వెలుతురు కొంచెం జాస్తి అయితే రేకుల మడతలన్నీ కలిసిపోయి ఎర్ర ముద్ద అవుతుంది. పాలీహౌస్ లోపల ప్లాస్టిక్ పట్టా చాయ పువ్వు మీద పడుతుంది, దాన్ని తర్వాత కంప్యూటర్లో సరిచేయాలి. ఆరుబయట మిట్టమధ్యాహ్నం తీస్తే నీడలు నల్లగా పడతాయి. అందుకని తెల్లారకముందే ట్రైపాడ్ మోసుకుని తోటకు చేరాలి. పూలు కోసేదీ ఆ వేళే, కాబట్టి కోతవాళ్ళకంటే ముందు పోవాలి. దగ్గరగా తీసేటప్పుడు చిన్న గాలి వీచినా ఫోటో చెడుతుంది, ఒక్క పువ్వు దగ్గర అరగంట కాచుకోవాలి. తోటలో రెండు రోజులు పని చేస్తే, ఇంట్లో ఏరి దిద్దడానికి ఇంకో మూడు రోజులు. కెమెరా, లెన్సులు వాళ్ళు అప్పు చేసి కొన్నవి. బటన్ నొక్కింది ఒక్క క్షణమే కావచ్చు, కూలి అడిగేది ఆ క్షణానికి కాదు.

చట్టం సంగతి మన పిలకాయల్లోనే చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి ఫోటో తీయిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, దాని మొదటి హక్కుదారు తీయించినవాడే. తీసినవాడు కాదు. మనలో మనకు కాగితం ఎందుకు అనే మాట తియ్యగానే ఉంటుంది, ఆ తీపంతా ఒక్క పక్కకే పోతుంది. అదే చట్టం 57వ సెక్షన్, కాపీరైట్ చేతులు మారినా, ఇది తీసింది నేనే అని చెప్పుకునే హక్కును తీసినవాడికే ఉంచింది. పేరు వేయడం మనం చూపే దయ కాదు.

డబ్బుకూ చట్టం ఉంది. 2006 ఎం.ఎస్.ఎం.ఇ. చట్టం ప్రకారం, ఉద్యమ్‌లో నమోదైన చిన్న పనివాడికి రాతలో గడువు పెట్టుకున్నా 45 రోజులు దాటకూడదు. రాత లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. సీజన్ అయ్యాక అనే గడువు ఆ చట్టంలో ఎక్కడా లేదు.

మేము రైల్వే గూడ్సు ఆఫీసులో లెక్కలు రాసినవాళ్ళం. అక్కడ నువ్వు ఎవరివాడివని అడగరు, రసీదు ఏదని అడుగుతారు. వ్యాగను గడువులో ఖాళీ చేయకపోతే ఎంతటివాడైనా డెమరేజి కట్టాల్సిందే. దాన్ని ఎవరూ అవమానమనుకోలేదు. మన ఇళ్ళల్లో మాత్రం రాత లేదా? పెళ్ళిలో 101 రూపాయల మొయ్యి కూడా పేరు, ఊరు వేసి నోటుబుక్కులో రాయిస్తాం. సొంత మేనమామ చదివించినా రాస్తాం. అక్కడ పోని చుట్టరికం ఇక్కడ ఎట్లా పోతుంది?

కాబట్టి సంఘం చేయాల్సింది ఒకటి ఉంది. తెలుగులో, తమిళంలో ఒక్క పేజీ ఒప్పందం అచ్చు వేయించి పెడదాం. ఎన్ని రోజులు, ఎన్ని ఫోటోలు, ఎక్కడెక్కడ ఎన్నాళ్ళు వాడుకోవచ్చు, కాపీరైట్ ఎవరిది, అడ్వాన్సు ఎంత, వాన పడితే ఆ రోజు కూలి ఎంత, మిగతా డబ్బు ఏ తేదీకి, పేరు ఎక్కడ వేయాలి. ఇంతే. సభ్యుల తోటల్లో పనికి ఈ పేజీ మీద సంతకం లేకుండా మన పిల్లల్ని పంపవద్దు. ఉగాది సంచికకు ఫోటోలు తీసేవాళ్ళకూ ఇదే పద్ధతి పెడదాం.

వేదిక ఎక్కినప్పుడల్లా మన పిల్లలు తెలుగు మరిచిపోతున్నారని బాధపడతాం. బెంగళూరు పక్కనే ఉంది. ఇక్కడ మనవాళ్ళ దగ్గర దక్కని కూలి అక్కడ పరాయివాళ్ళ దగ్గర దక్కితే, వాళ్ళు బస్సెక్కుతారు. బస్సెక్కినవాళ్ళు మళ్ళీ సంఘం మెట్లెక్కరు. ఆ సగం డబ్బు బాకీ ఉన్న పెద్దమనిషి ఇది చదువుతూనే ఉంటారు. ఈ నెల కూటానికి వచ్చేలోపు ఇచ్చేయండి.