పూత దగ్గరే తేలుతుంది

గంజాయి అంటే ఏమిటని మన చట్టాన్ని అడిగితే పూతను చూపిస్తుంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్కకు పూత లేదా కాయ పట్టిన కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. ఉత్తరాదిన హోలీకి తాగే భంగు ఆకుతో చేస్తారు కాబట్టే దాని కథ వేరుగా నడుస్తోంది. మొక్కను పెంచడం మాత్రం నేరమే. పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

నాది పర్ణశాల వైపు. గోదావరి ఒడ్డు, మిరప చేలు. మా దగ్గర కూడా పంట భవిష్యత్తు పూత దగ్గరే తేలుతుంది. పూత నిలిస్తే అప్పు తీరుతుంది, రాలితే మళ్లీ అప్పు. ఈ రెండు పూతలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఒక్కటే. గంజాయి సమస్యలో మత్తు కంటే ముందు ఉన్నది ఒక మార్కెట్. ఆ మార్కెట్‌ను వదిలేసి మొక్కను మాత్రమే పీకుతూ ఉంటే ఇది ఆగదు. ఆ మార్కెట్ చివర ఉన్నది మనలాంటి హాస్టళ్లే.

ముందు ఆ పూతకు అంత విలువ ఎందుకో చెప్పాలి. గంజాయిలో ఆడ మొక్క, మగ మొక్క వేరువేరుగా ఉంటాయి. ఆడ పూల మీద సన్నటి జిగురు బొడిపెల్లాంటివి వస్తాయి. మత్తు కలిగించే టీహెచ్‌సీ ఎక్కువగా ఉండేది అక్కడే. మగ మొక్క పుప్పొడి తగిలితే పూత గింజ పడుతుంది, మత్తు సరుకుగా దాని విలువ తగ్గుతుంది. ఇదేమీ కొత్తగా ఇంటర్నెట్ నేర్పిన విషయం కాదు. బ్రిటిష్ వాళ్లు 1893-94లో దీని మీద ఒక పెద్ద కమిషన్ వేశారు. అప్పట్లో బెంగాల్లో గంజాయి సాగు లైసెన్సుతోనే జరిగేది, సర్కారు పన్ను వసూలు చేసుకునేది. చేలో తిరిగి మగ మొక్కల్ని గుర్తుపట్టి తీసేయడానికి ప్రత్యేకంగా మనుషులుండేవాళ్లు. వాళ్లను పొద్దార్లు అనేవాళ్లు. ఇంగ్లీషు రికార్డుల్లో వాళ్ల పేరు 'గంజాయి డాక్టర్'. అంటే నూట ముప్పై ఏళ్ల కిందటే పూతను బట్టి ధర, ధరను బట్టి పని.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లో పండే 'శీలావతి' రకం పేరు మనలో చాలామంది వినే ఉంటారు. పేరు విని నవ్వుకుంటాం. 2021 చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు విశాఖ ఏజెన్సీలో 'ఆపరేషన్ పరివర్తన్' మొదలుపెట్టారు. కొన్ని నెలల్లోనే 7,500 ఎకరాలకు పైగా గంజాయి తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల సరుకును ఒకేసారి తగలబెట్టారు. చిన్న పనేం కాదు. కానీ అవతలి వైపు మల్కన్‌గిరి, కోరాపుట్ కొండల్లో సాగు ఆగలేదు. ఆ సరుకు చింతూరు మీదుగా భద్రాచలం, అక్కడి నుంచి కొత్తగూడెం, ఖమ్మం, హైదరాబాద్ వైపు నడుస్తూనే ఉంది. భద్రాచలంలో సరుకు పట్టుకున్నారన్న వార్త మా వైపు పేపర్లో ఎంత మామూలంటే, దాన్ని వాతావరణం బాక్సులాగా చూసి పేజీ తిప్పేస్తాం. కోడ్‌లో ఒకచోట బగ్ తీసేస్తే ఇంకోచోట ఎర్రర్ వస్తుంది చూడండి, ఇదీ అంతే. తప్పు ఆ లైన్‌లో లేదన్నమాట.

మరి ఎక్కడుంది? దానికి మిరప చేలోకి వెళ్లాలి.

మిరప వానాకాలంలో నాటి, చలి మొదలయ్యేసరికి పూతకొస్తుంది. కొండల మీద గంజాయిదీ దాదాపు అదే లెక్క. రెండూ ఒకే చలిలో పూస్తాయి. 2021-22 సీజన్లో మన రెండు రాష్ట్రాల మిరప మీద నల్ల తామర పురుగు పడింది. ఇది మన దేశంలో మొదట 2015లో బెంగళూరు వైపు బొప్పాయి మీద కనిపించిన పురుగు. ఇది నేరుగా పువ్వులోకే దూరుతుంది. పువ్వు లోపల పదీ ఇరవై పురుగులు చేరి గీకి రసం పీల్చేస్తే పూత రాలిపోతుంది, నిలిచిన పిందె వంకర తిరుగుతుంది. మా పెదనాన్న రోజూ పొద్దున్నే నాలుగు పూలు కోసి అరచేతిలో దులిపి చూసేవాడు. నల్లగా సన్నగా పాకేవి. శాస్త్రవేత్తలు నీలిరంగు జిగురు అట్టలు పెట్టమన్నారు, వేపనూనె కొట్టమన్నారు, తోచిన మందులన్నీ కలిపి కొడితే పురుగు ఇంకా పెరుగుతుందని హెచ్చరించారు. కానీ పూత కళ్లముందే రాలుతుంటే ఆగేది ఎవరు? మందుల షాపులో అప్పు రాసి దొరికిందల్లా తెచ్చి కొట్టారు. చాలామంది చివరికి చేను దున్నేశారు. ఆ తర్వాత 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. పర్ణశాల మునిగింది. ఒక ఏడు పురుగు, ఇంకో ఏడు నీళ్లు.

పూత నిలిచినా కథ అయిపోదు. కాయ కోతకు కూలీలు కావాలి, చాలామంది ఛత్తీస్‌గఢ్ నుంచి వస్తారు. కల్లంలో ఎండబెట్టాలి, తాలు వేరు చేయాలి, బస్తాలు నింపి ఖమ్మం మార్కెట్‌కు తోలాలి. అక్కడికి వెళ్లేదాకా రేటు తెలియదు. జెండా పాట గొప్పగా పలుకుతుంది, పేపర్లో వస్తుంది. కానీ అది ఒకటి రెండు మంచి లాట్లకే. మిగతా బస్తాల్లో చెయ్యి పెట్టి చూసి తేమ ఉందనో రంగు తగ్గిందనో ఖరీదుదారు రేటు దించేస్తాడు. రైతు దాన్ని వెనక్కి తోలుకుపోలేడు. అసలు బండి కిరాయి ఎవరిస్తారు?

కొండ మీద గంజాయి వేసే మనిషికి ఈ బాధలేవీ చాలావరకు ఉండవు. కొనేవాడే ఊరికి వస్తాడు. చాలాసార్లు పంట రాకముందే అడ్వాన్స్ ఇస్తాడు. రోడ్డు లేకపోయినా ఫర్వాలేదు, మోయడానికి మనుషుల్ని తనే పెట్టుకుంటాడు. అల్లం, పసుపు, రాజ్‌మా పండించి సంతకు నెత్తిన మోసుకుపోయేవాడికి ఇది ఎలా కనిపిస్తుందో ఊహించండి. మా ఊరికి యాత్రికులంతా బంగారు లేడి కథ కోసమే వస్తారు. ఆ కథలో లేడి నిజం కాదు కానీ దాని వెనక పంపినవాడు నిజం. ఇక్కడా అంతే. పొలం వేసినవాడి చేతికి వచ్చేది నగరంలో పలికే ధరలో చిన్న ముక్క, పట్టుబడితే జైలు మాత్రం అతనికే. అడ్వాన్స్ పంపినవాడు తెర వెనకే ఉంటాడు.

ఇక మోసేవాడు. చట్టం బరువును బట్టి శిక్ష వేస్తుంది. గంజాయి కిలో దాకా చిన్న మోతాదు, శిక్ష ఏడాది దాకా. 20 కిలోలు దాటితే వాణిజ్య మోతాదు, కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై, బెయిల్ దొరకడం చాలా కష్టం. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ 20 కిలోలు చేతిలో ఉన్నవాడు ఎప్పుడూ వ్యాపారి కాదు. బ్రౌన్ టేపు చుట్టిన ప్యాకెట్లు రెండు బ్యాగుల్లో పెట్టుకుని, ట్రిప్పుకు కొన్ని వేలకు ఒప్పుకుని బస్సెక్కిన కుర్రాడు. మన వయసువాడే. ఒక్కోసారి మనలాగే చదువుకుంటున్నవాడు. మనం నాలుగో సంవత్సరం ప్లేస్‌మెంట్ గురించి టెన్షన్ పడే టైముకి అతను ముప్పై దాటేదాకా బయటికి రాని శిక్షలో ఉంటాడు. దర్యాప్తు చాలాసార్లు ఆ బ్యాగు దగ్గరే ఆగిపోతుంది. బరువు కొలవడం తేలిక, డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో కొలవడం కష్టం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. హాస్టల్లో నేను రెండు వాదనలు ఎక్కువ వింటాను.

ఒకటి, "నేచురల్ కదా బ్రో, మొక్కే కదా." ఉమ్మెత్త కూడా మొక్కే. సరే, ఆ మాట పక్కన పెడదాం. ఎగుమతి అయ్యే మిరపకు అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉందా, పురుగుమందు అవశేషాలు ఉన్నాయా అని ల్యాబ్‌లో చూస్తారు. కాయ సరిగ్గా ఎండకపోతే బూజు పడుతుందని మా కల్లంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గంజాయి పూత దట్టంగా, జిగురుగా ఉంటుంది, తేమ లోపలే ఉండిపోతుంది. దాన్ని నొక్కి టేపు చుట్టి వారాలపాటు దాచి తెస్తారు. అందులో బూజు ఉందో, ఏ మందు కొట్టారో చూసేవాడే లేడు. కూరలో వేసే కారానికి ఉన్న పరీక్ష ఊపిరితిత్తుల్లోకి పీల్చేదానికి లేదు.

రెండోది, "కెనడాలో లీగల్ కదా." నిజమే. కెనడాలో 2018 నుంచి, జర్మనీలో 2024 నుంచి కొన్ని షరతులతో పెద్దవాళ్లకు అనుమతి ఉంది. మన దగ్గర కూడా చట్టం మారాలా అనేది గౌరవంగా చర్చించాల్సిన విషయమే, దాన్ని నేను ఎగతాళి చేయను. వాడినవాణ్ని ఖైదీలా కాకుండా పేషెంట్‌లా చూడాలని నేనూ అంటాను. కానీ అక్కడి చట్టాన్ని చూపించి ఇక్కడి సరుకు కొనడం కుదరదు. కెనడాలో లైసెన్సు ఉన్న షాపులో ప్యాకెట్ మీద టీహెచ్‌సీ ఎంతో రాసి ఉంటుంది, వయసు అడుగుతారు. ఇక్కడ మనం కట్టే ఐదొందలు చేతులు మారుతూ వెళ్లి, వచ్చే ఏడాది కొండ మీద ఎవరికో అడ్వాన్స్ అవుతుంది. ఇంకెవరికో బస్సు టికెట్ అవుతుంది. పంతొమ్మిదేళ్లకు మెదడు ఇంకా తయారవుతూనే ఉంటుందనీ, ఈ వయసులో రోజూ వాడితే మానసిక జబ్బుల ప్రమాదం పెరుగుతుందనీ డాక్టర్లు చెప్పేది దీనికి అదనం.

కాబట్టి నేను అడిగేవి మూడు.

మొదటిది ప్రభుత్వాన్ని. తోట నరికిన రోజే ఆ ఊరికి బదులు పంట, దాన్ని కొనే మనిషి కూడా చేరాలి. మొక్కలు, విత్తనాలు పంచడం మంచిదే, కాఫీ, మిరియాలు, రాజ్‌మా ఇస్తున్నారు కూడా. కానీ కాఫీ, మిరియాలు చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ మధ్య ఏళ్లలో ఇల్లు ఎలా గడవాలి? గంజాయి వ్యాపారి ఇచ్చేవి మూడే: ముందస్తు డబ్బు, ఊళ్లోనే కొనుగోలు, ఖాయమైన రేటు. ఇవి గిరిజన సహకార సంస్థ ఇవ్వగలిగితే పోటీ మొదలవుతుంది. అరకు కాఫీ పేరు ప్రపంచానికి తెలిసిందంటే ఆ కొండల్లో ఇది అసాధ్యం కాదనే అర్థం.

రెండోది కాలేజీలను. పుర్రె బొమ్మ పోస్టరు, ప్రతిజ్ఞ, గ్రూప్ ఫోటో సరిపోవు. ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఎ అనే సెక్షన్ ఉంది. చిన్న మోతాదుతో లేదా వాడకం కేసులో దొరికినవాడు అలవాటుకు బానిసై ఉండి, తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు ముందుకొచ్చి దాన్ని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంటుంది. ఇది ఎంతమందికి తెలుసు? 14446 అనే జాతీయ హెల్ప్‌లైన్ నంబరు హాస్టల్ నోటీస్ బోర్డు మీద మెస్ మెనూ పక్కన ఉండాలి. సస్పెండ్ చేస్తారనే భయం ఉన్నంతకాలం ఎవరూ వార్డెన్‌కు నోరు విప్పి చెప్పరు.

మూడోది మనల్ని. రూమ్మేట్‌కు ఉపన్యాసం ఇవ్వమని నేననను. "దీని డబ్బు ఎక్కడికి వెళ్తుందో తెలుసా" అని ఒక్కసారి అడగండి చాలు. మత్తు గురించి చెబితే మనవాళ్లు వినరు, నేను చూశాను. బస్సులో పట్టుబడిన కుర్రాడి వయసు చెబితే కాస్త ఆగుతారు.

జూన్ 26న మాదకద్రవ్యాల వ్యతిరేక దినం పేరుతో మళ్లీ సెమినార్ ఉంటుంది. ఈసారి స్టేజీ మీదకు పోలీసు అధికారితో పాటు ఒక లాయర్‌ను, ఒక సైకియాట్రిస్టును, ఏజెన్సీ నుంచి ఒక రైతును పిలుద్దామని మన క్లబ్ తరఫున ప్రపోజల్ పెడుతున్నాను. రైతుకు మైకు ముందు ఇద్దాం. పూత రాలినప్పుడు తన దగ్గరికి మొదట ఎవరు వచ్చారో ఆయన్నే చెప్పమందాం.