నిద్రమాత్రయు నామోషియు

ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు అని పెద్దలందురు. నేడు నాందేడులోని మన తెలుగిండ్లలో ఈ సామెత తలక్రిందులైనది. మెత్తని పరుపున్నది, పంకా యున్నది. నిద్ర మాత్రము లేదు. ఆందోళన వ్యాధికి మందు మ్రింగుచును రాత్రి రెండు గంటలకు గడియారము చూచుకొనువారు మనలో పలువురు కలరు. వారినిగూర్చి మనము పైకి మాట్లాడము. నా ఆక్షేపణ ఈ మౌనముపైననే.

ఎందుకు దాచుచున్నాము? వర్తకునికి పరపతి ప్రాణము. సేఠుగారికి మనస్సు బాగులేదట యను మాట బజారున పడినచో సరకు అరువు పుట్టదని భయము. పిల్ల పెండ్లి చెడునని భయము. అందుచే డాక్టరునొద్దకు ఒక్కమారు పోయి, ఆపై పాత చీటీ యిచ్చి నౌకరును మందుల దుకాణమునకు పంపుదుము. చీటీ లేకున్నను పరిచయము చాలును. ఒకరికి వ్రాసిన మాత్ర పొరుగింటి వదినగారికిని చేరును. మధుమేహమునకు మందు తినుటలో లేని నామోషి మనోవ్యాధికి తినుటలో ఏల?

ఈ మందులన్నియు ఒక్కటి కావు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటివి గుణమిచ్చుటకు కొన్ని వారములు పట్టును. తొలిదినములలో కొందరికి నిద్రను చెరుపును గూడ. అది తెలియక "మందు పడలేదు" అని మానివేయుదురు. ప్రొద్దుట వేసుకొనవచ్చునా యని డాక్టరునే అడుగవలెను. అల్ప్రాజోలామ్, డయాజిపామ్ వంటివి వేరు. అవి త్వరగా కన్ను మూయించును. కాని దినదినము వాడగా అలవాటై, అదే మోతాదు చాలకపోవును. హఠాత్తుగా మానినచో నిద్రలేమి ముదురును. వణకు, మూర్ఛలు కూడ రావచ్చును. ఈ తెగ మందులన్నిటికిని ఇట్టి తీవ్రమైన హెచ్చరిక చేర్చవలెనని అమెరికా ఔషధ నియంత్రణ శాఖ 2020లో ఆదేశించినది.

ఇది దూరదేశపు మాట యనువారు మన బంధువులున్న నిజామాబాదు వైపు చూడవలెను. అక్కడ కల్తీకల్లులో కలుపు మందులలో అల్ప్రాజోలామ్ ఒకటి. 2015లో తెలంగాణమున ఈ కల్తీని కట్టడి చేయగా, ఆ కల్లుకు అలవడినవారు నిద్ర లేక, వణకుచు, కలవరించుచు ఆసుపత్రుల పాలైరి. కల్లు దుకాణమును నిందించు మనము, ఆ మందునే గాజుబీరువా వెనుకనుండి కొనిన గౌరవ మందుమా?

2014 మార్చి నుండి ఈ రెండు మందులును హెచ్-1 పట్టికలోనివి. డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదు. వ్రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణము పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపరచవలెను. మనలోని మందుల వర్తకులకు నా మనవి యిది: నేనును వర్తకుడనే, గిరాకీని త్రిప్పి పంపుట యెంత కష్టమో యెరుగుదును. అయినను ఇది ఉప్పు, పప్పు కాదు. పరిచయముకొరకు అమ్ముట ఉపకారము కాదు, అపకారము.

మరి నిద్ర యెట్లు? దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రకంటె ముందు అలవాట్లను, ఆలోచనలను దిద్దు చికిత్స ఈయవలెనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో నిర్ణయించినది. ప్రతిదినము ఒకే వేళకు లేచుట, నిద్ర ముంచుకొని వచ్చినప్పుడే పండుకొనుట, రానిచో మంచము విడిచి కూర్చుండుట, పడకపై ఖాతాలును ఫోనును చూడకుండుట అందులోనివే. సాయంకాలపు చాయ తగ్గించవలెను. ఈ మాత్రలతో మద్యము గాని కల్లు గాని త్రాగినచో ఊపిరికే ముప్పు.

విష్ణుపురిలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి మనకున్నది. బజారున మరాఠీలో బేరమాడ గలిగినను, గుండెలోని దిగులు తెలుగున గాని చెప్పలేని వృద్ధులు మన యిండ్లలో కలరు. అట్టివారికొరకు 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ కలదు. 14416కు ఫోను చేసిన తెలుగులోను మాట్లాడుదురు, రుసుము లేదు.

పాఠకులారా, ఇది చదివి నేడే మాత్ర మానవలదు. డాక్టరు చెప్పినట్లు మెల్లమెల్లగా తగ్గించుడు. కాని ఆ పాత చీటీని మాత్రము చింపివేయుడు. క్రొత్త చీటీకి నౌకరును పంపక మీరే పొండు.