ఉక్కు నగరంలో ఇనుము లేని నెత్తురు

విశాఖ ఉక్కు కర్మాగారానికి ఏడాదికి 73 లక్షల టన్నుల ఉక్కు తీసే శక్తి ఉంది. దానికోసం 64 గ్రామాల భూములు పోయాయి. ఇంత ఇనుము కరిగించే నేల మీద మన ఆడోళ్ళ నెత్తుట్లో ఇనుము లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఆరు నెలలు దాటి ఐదేళ్ళు నిండని పిల్లల్లో 63.2 శాతం మందికి. ఇది రాష్ట్రమంతటి సగటు. మేడల్లో వాళ్ళనీ పేటల్లో వాళ్ళనీ ఒకే కాటాలో వేసి తూస్తే వచ్చిన లెక్క. పోర్టు కలాసీల ఇళ్ళల్లో, తెల్లారకుండానే నగరాన్ని ఊడ్చే రెల్లి ఆడబిడ్డల ఇళ్ళల్లో, నాట్లకీ కలుపులకీ పోయే మాల మాదిగ కూలోళ్ళ ఇళ్ళల్లో విడిగా తూస్తే ఎంత వస్తుంది? ముందు ఆ లెక్క చెప్పమంటున్నాం.

ఈ రోగానికి మందు చేలోనే పండిస్తామంటున్నారు శాస్త్రవేత్తలు. గింజలోనే ఇనుము, జింకు, కాల్షియం ఎక్కువుండేలా కొత్త వంగడాలు తీస్తున్నారు. మనకి అరవై కిలోమీటర్ల దూరంలో, విజయనగరంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడ తీసిందే వేగవతి అనే చోడి వంగడం, వి.ఆర్. 929. కిలో గింజల్లో 131 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుందని, మామూలు రకాల్లో 25 మిల్లీగ్రాములేనని భారత వ్యవసాయ పరిశోధనా మండలి పట్టిక చెబుతోంది. ఇది సంకర విత్తనం కాదు. ఈ ఏడు పండిన గింజ దాచుకుని వచ్చే ఏడు జల్లుకోవచ్చు. మంచి పని చేశారు. మేం సైన్సుకి శత్రువులం కాదు.

అయితే ఏ గింజలో ఏం పెంచాలో తేల్చేముందు ఎవరి ఇంట్లో ఏం తక్కువైందో తెలియాలి కదా? అది మైక్రోస్కోపులో కనబడదు. పేటలోకి వచ్చి, పొయ్యి దగ్గర కూచుని, ఎవరు ముందు తింటున్నారు, ఎవరు ఆఖర్న గిన్నె గోక్కుంటున్నారు అని అడిగితేనే తెలుస్తుంది. సామాజిక, ఆర్థిక పరిశోధన అంటే అదే.

మన తెలుగు నేల మీద ఇది ఒకసారి రుజువైంది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పెట్టారు. పేదోడి తిండిలో మాంసకృత్తులు చాలవన్నది ఆ రోజుల్లో శాస్త్రవేత్తల్లో పాతుకున్న నమ్మకం. 1973లో ఇథియోపియా జొన్నల్లో లైసిన్ అనే మాంసకృత్తు భాగం ఎక్కువున్న రకాలు దొరికాయని ప్రకటించారు. ఇంకేం, లైసిన్ జొన్న తీద్దామన్నారు. అదే కాలంలో, 1975 నుంచి, ఇక్రిశాట్ ఆర్థికవేత్తలు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లి, దోకూరు, మహారాష్ట్రలో మరో నాలుగు ఊళ్ళు పట్టుకుని లెక్కలు రాయడం మొదలుపెట్టారు. ఊరికి 40 ఇళ్ళు. అందులో 10 ఇళ్ళు భూమిలేని కూలోళ్ళవి. ఇంటిమొత్తం తిండే కాకుండా ఒక్కొక్క మనిషి తిండి విడిగా లెక్కగట్టారు. జేమ్స్ ర్యాన్, హోంసైన్స్ కాలేజీకి చెందిన పి. పుష్పమ్మ, మరికొందరు కలిసి 1984లో ఆ ఫలితాలు అచ్చువేశారు.

ఏం తేలింది? ఆ ఊళ్ళల్లో అసలు కొరత మాంసకృత్తులది కాదు, లైసిన్‌దీ కాదు. కడుపు నిండా తిండి చాలడంలేదు. కాల్షియం, ఎ, బి, సి విటమిన్లు చాలడంలేదు. అలాంటప్పుడు లైసిన్ కోసం ఏళ్ళతరబడి కష్టపడేకంటే జొన్న ఎక్కువ పండేలా, కరువులో కూడా నిలిచేలా చూడడం పేదోళ్ళకి మేలని వాళ్ళు వాదించారు. ఆ వాదన నెగ్గింది. కూలోళ్ళ కంచంలోకి తొంగిచూడబట్టే ప్రయోగశాల దారి మార్చుకుంది.

అంబేడ్కర్ 1918లోనే చిన్న కమతాల మీద రాస్తూ ఇదే పద్ధతి చూపించారు. కమతం చిన్నదవడమే రోగమని అందరూ అంటుంటే, భూమి మీద ఆధారపడ్డ జనం ఎక్కువై, పెట్టుబడీ పనిముట్లూ లేకపోవడమే రోగమని తేల్చారు. రోగం తప్పుగా చెబితే మందు తప్పుతుంది. మన ఉద్యమానికి లెక్కలడగడం కొత్తకాదు.

ఇప్పుడు మన చోడి దగ్గరికి రండి. ఉత్తరాంధ్రలో చోడి అంబలి, గంటె అన్నం కూలోళ్ళ తిండి. అది తిన్నందుకే మనల్ని చిన్నచూపు చూశారు. తెల్లన్నం పెద్దరికమైంది. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చింది. అది మన కడుపు నింపింది, మేం కాదనం. కానీ రేషన్‌లో బియ్యమే వచ్చింది, చోళ్ళు రాలేదు. గింజల్లో ఇచ్చే కూలి డబ్బుల్లోకి మారింది. చోళ్ళు మన కంచంలోంచి పోయాయి. ఇవాళ షుగర్ జబ్బున్న పెద్దోళ్ళ కోసం విశాఖ షాపుల్లో అవే చోళ్ళు ప్యాకెట్లలో అమ్ముతున్నారు. ఆఫ్రికా దక్షిణ దేశాల్లోనూ ఇంతే. పసుపు మొక్కజొన్నలో విటమిన్ ఎ తయారయ్యే పదార్థం ఉన్నా, అది కరువు సాయం గింజ, పశువుల దాణా అని జనం ముట్టుకునేవారు కాదు. తిండికి ఇక్కడ కులం ఉంది, అక్కడ హోదా ఉంది. ఇది తెలుసుకోకుండా విత్తనం సంచులు దించేస్తే ఏం లాభం?

ఇంకో సంగతి. ఇనుము కంటికి కనబడదు. ఇనుము ఎక్కువున్న చోడీ, మామూలు చోడీ షావుకారు కాటాలో ఒకటే. రైతుకి ఎక్కువ ధర రాకపోతే, దిగుబడి తగ్గితే, ఎందుకు వేస్తాడు? మనలో చాలామందికి వేసే సెంటు భూమే లేదు. విత్తనం ఉచితంగా ఇచ్చినా ఎక్కడ జల్లాలి?

గింజలో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు కూడా. చోళ్ళల్లో ఉండే కొన్ని పదార్థాలు దాన్ని అడ్డుకుంటాయి. నానబెట్టి మొలకెత్తించినా, పులియబెట్టినా ఆ అడ్డు తగ్గుతుంది. మన అమ్మలు రాత్రి పులియబెట్టి పొద్దున కాచిన అంబలిలో ఆ తెలివుంది. నిమ్మకాయ పిండుకుంటే ఇంకా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే తగ్గుతుంది. ఈ వంట ఎలా నడుస్తోందో, పనికిపోయే ఆడమనిషికి దానికి టైముందో లేదో ఎవరు అడిగారు?

అందుకే మా డిమాండ్లు ఇవి.

ఒకటి. వంగడం ఎంచుకునేటప్పుడే మన పేటల్లో సర్వే చెయ్యాలి. ఆడోళ్ళ లెక్క, ఆడపిల్లల లెక్క విడిగా రాయాలి. చదువుకున్న మన పిల్లల్నే జీతమిచ్చి ఆ పనిలో పెట్టాలి. తేలిన సంగతులు తెలుగులో పేటలో చదివి వినిపించాలి. మన బతుకుల మీద రాసిన రిపోర్టులు ఇంగ్లీషు బీరువాల్లో ఉండిపోతే ఒప్పుకోం.

రెండు. ఇనుము ఎక్కువున్న చోళ్ళని ఏజెన్సీ గిరిజన రైతుల దగ్గర, మన సన్నకారు రైతుల దగ్గర ప్రభుత్వమే మంచి ధరకి కొని రేషన్లో, అంగన్‌వాడీల్లో ఇవ్వాలి. 2023 మార్చిలో బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలుపెట్టారు. ఆ జావలోకి ఏ చోళ్ళు, ఎక్కణ్ణుంచి వస్తున్నాయని మేం బడిపంతుళ్ళం అడుగుతున్నాం. పక్కనే ఒడిశాలో 2017లో మొదలైన చిరుధాన్యాల మిషన్ కింద చోళ్ళు కొని రేషన్లో ఇచ్చారు. ఇక్కడెందుకు కుదరదు?

మూడు. భూమిలేని ఆడోళ్ళ సంఘాలకి కౌలుకైనా భూమి చూపించాలి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్ళు బీడు భూముల్లో జొన్నలూ కొర్రలూ పండించి, 1990లలోనే తమ ఊళ్ళల్లో తమ గింజల్తోనే సొంత రేషన్ నడిపారు. ఎవరికి ఎంత ఇవ్వాలో వాళ్ళే కూచుని తేల్చుకున్నారు. అంతకంటే మంచి సర్వే ఏ యూనివర్సిటీ చేస్తుంది?

సర్వే అని ఎవరైనా కాగితాలు పట్టుకుని పేటకొస్తే తలుపు వెయ్యకండి, కూచోబెట్టండి. ఉన్నదున్నట్టు చెప్పండి. ఆఖర్న మీరో ప్రశ్న అడగండి: "ఈ లెక్క ఎవరికి చూపిస్తారు? మళ్ళీ ఎప్పుడొచ్చి మాకు చెబుతారు?" జవాబు కాగితం మీద రాయించుకుని మీ సంఘంలో దాచిపెట్టండి.