ముందుగాల ఆగుడు సంగతి

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా బాపు కారుకి క్రూజ్ కంట్రోల్ పెట్టాం. కారు 2008 మోడల్, డీజిల్, మామూలు గేర్లది. నాకంటే రెండేళ్లు చిన్నది. ఇప్పుడు బాగానే నడుస్తోంది. కానీ గొప్ప చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ పనిలో నేనొక పెద్ద తప్పు చేయబోయాను. ఒక మెకానిక్ కాకా ఆపాడు. అప్పటి నుంచి నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది, దాన్ని మీ ముందు పెడుతున్నాను: పాత కారుకి క్రూజ్ కంట్రోల్ పెట్టుకోండి, తప్పు లేదు. కానీ అది ఎట్లా ఆగుతుందో చూపించలేని మనిషి చేతికి మాత్రం కారు ఇవ్వకండి. ఆ మనిషి మీరే అయినా సరే.

ముందు కారణం చెప్తా. బాపుకి విత్తనాల వ్యాపారం. పత్తి సీజన్‌లో కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కి వారానికి ఒకసారైనా పోయి రావాలి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ దాకా ఒక లెక్క. అక్కడ 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ చేరేది ఇంకో లెక్క. మొదటి సగంలో కాలు ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తూనే ఉంటది. రెండో సగంలో కాలుకి పనే ఉండదు, కానీ తీయడానికి లేదు. యాక్సిలరేటర్ మీద ఒకే కోణంలో అట్లనే పెట్టుకొని కూర్చోవాలి. బాపు కుడి మోకాలు అసలే బాగా లేదు. ఇంటికొచ్చాక జిందా తిలస్మాత్ రాసుకుంటూ "కారు నడిపిచ్చుడు కాదురా, కాలును కట్టేసుకున్నట్టు ఉంటది" అంటాడు.

కొత్త కారు కొనొచ్చు కదా అని నా రూమ్మేట్ అన్నాడు. కొనొచ్చు. నా ఫీజు అయిపోయాక.

క్రూజ్ కంట్రోల్ అంటే చాలామంది కారు దానంతట అదే నడుస్తుంది అనుకుంటారు. కాదు. మనం 80 మీద పెడితే అది 80 దగ్గర ఉంచుతుంది, అంతే. ఎత్తు వస్తే ఇంకొంచెం డీజిల్ ఇస్తుంది, దిగుడు వస్తే తగ్గిస్తుంది. ముందు లారీ ఉందో బర్రె ఉందో దానికి తెలియదు. ముందున్న బండిని చూసి వేగం తగ్గించేది వేరే రకం, దానికి రాడార్ లాంటిది కావాలి. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం దగ్గరే సగం ప్రమాదం మొదలవుతుంది.

ఈ ఆలోచన మన ఊర్లకు కొత్త కూడా కాదు. బావుల దగ్గర నీళ్లు తోడిన పాత ఆయిల్ ఇంజన్లలో గవర్నర్ ఉండేది. ఇంజన్ వేగం పెరిగితే గుండ్లు బయటికి లేచి ఆయిల్ తగ్గిస్తాయి, వేగం తగ్గితే లోపలికి పడి ఆయిల్ పెంచుతాయి. ఇదే సూత్రాన్ని జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి వాడాడు. కారులోకి తెచ్చింది రాల్ఫ్ టీటర్ అనే అమెరికన్ ఇంజనీరు. చిన్నప్పుడే చూపు పోయిన మనిషి. కారు ఎప్పుడూ పక్క సీట్లో కూర్చొని ఎక్కినవాడే. నడిపేవాళ్ల కాలు కుదుటగా లేక వచ్చే కుదుపు ఆయనకు అందరికంటే ఎక్కువ తెలిసి ఉంటుంది. 1950లో పేటెంట్ వచ్చింది, 1958 మోడల్ క్రైస్లర్ కార్లలో మొదటిసారి అమ్మకానికి పెట్టారు.

ఇక మా కారు సంగతి. అంబాసిడర్ లాంటి పాత బండ్లలో యాక్సిలరేటర్‌కి, ఇంజన్‌కి మధ్య తీగ ఉంటుంది. వాటికి క్రూజ్ పెట్టాలంటే ఆ తీగను లాగే మోటారో, వాక్యూమ్ డబ్బానో అదనంగా బిగించాలి. మా కారులో ఆ తీగ లేదు. పెడల్ దగ్గర సెన్సర్ ఉంటుంది, అది ఈసీయూకి సంకేతం పంపుతుంది, ఎంత డీజిల్ పోవాలో ఈసీయూ నిర్ణయిస్తుంది. అంటే వేగాన్ని పట్టి ఉంచడానికి కావాల్సినవన్నీ ముందే ఉన్నాయి. ఇట్లాంటి చాలా కార్లలో ఆ ప్రోగ్రాం కూడా ఈసీయూలో ముందే ఉంటుంది. ఎక్కువ ధర మోడల్‌కి బటన్లు ఇస్తారు, తక్కువ ధర మోడల్‌కి ఇవ్వరు. మా కారుకి లేనివి బటన్లు, నాలుగు సిగ్నల్ వైర్లు, ఒక పవర్ వైరు. ఆ తర్వాత లాప్‌టాప్ కలిపి ఈసీయూలో ఆ ఫీచర్ ఆన్ చేయాలి.

చదివినప్పుడు నాకైతే పండగే. కంప్యూటర్ సైన్స్ వాడికి ఇంతకంటే ఏం కావాలి? కోడ్ రెడీగా ఉంది, ఇన్‌పుట్ ఇస్తే చాలు.

బటన్లున్న ఇండికేటర్ స్విచ్ స్క్రాప్‌లో దొరికింది. స్టీరింగ్ విప్పాలంటే ఎయిర్‌బ్యాగ్ తీయాలి. అది నేను ముట్టుకోలేదు, బ్యాటరీ కనెక్షన్ తీసి, కాసేపు ఆగి కాకానే తీశాడు. ఇంజన్ వైపుకి వైరు దాటించేటప్పుడు రేకును కోసి దూర్చొద్దన్నాడు. రేకు అంచు రోజూ అదురుతూ వైరు తోలును తినేస్తుందట. అందుకే ముందే ఉన్న రబ్బరు బుష్ లోంచి తీసుకుపోయాం. వైర్లు మెలేసి టేపు చుట్టడం కాకుండా, ఈసీయూ కనెక్టర్‌లో పిన్నులు క్రింప్ చేసి పెట్టాం. పవర్ వైరుకి విడిగా ఒక చిన్న ఫ్యూజు. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. లాప్‌టాప్ పెట్టి ఫీచర్ ఆన్ చేశాను. బైపాస్ మీదికి తీసుకుపోయి 60 దగ్గర బటన్ నొక్కాను.

ఏమీ కాలేదు.

మళ్లీ నొక్కాను. మళ్లీ ఏమీ కాలేదు. వెనక్కి వచ్చి స్కాన్ చేస్తే బ్రేక్ స్విచ్ మీద ఒక ఫాల్ట్ కోడ్ ఉంది. సిగ్నల్ ఇంప్లాసిబుల్ అని. బ్రేక్ లైట్లు చూస్తే మంచిగానే వెలుగుతున్నాయి. మరి ఫాల్ట్ ఏంది? వెతికితే ఒక వీడియో దొరికింది. బ్రేక్ స్విచ్ నుంచి ఈసీయూకి పోయే ఫలానా వైరు కట్ చేసి, దానికి నేరుగా పన్నెండు వోల్టులు ఇచ్చేయండి, క్రూజ్ వెంటనే పనిచేస్తుంది అని. కింద అందరూ థాంక్స్ బ్రో అని రాశారు. నేను కటింగ్ ప్లయర్ తీసుకొని పెడల్ కిందికి దూరాను.

కాకా నా కాలు పట్టుకొని బయటికి గుంజాడు.

"ఏం కోస్తున్నవ్ బిడ్డా?"

"బ్రేక్ స్విచ్ సిగ్నల్ బైపాస్ చేస్తున్న కాకా. అది ఫాల్స్ ఎర్రర్ ఇస్తుంది. బైపాస్ చేస్తే క్రూజ్ పోతది."

"పోవుడు సంగతి తర్వాత. ముందుగాల ఆగుడు సంగతి చెప్పు."

నేను ఇంగ్లీషులో తెలిసిన నాలుగు ముక్కలు చెప్పాను. ఇంప్లాసిబుల్ అంటే ఏందిరా అని అడిగాడు. తెలుగులో చెప్పలేకపోయాను. పన్నెండో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం, ఆ మాట వందసార్లు చదివి ఉంటాను. కానీ అక్కడ ఏం జరుగుతుందో నాకు నిజంగా అర్థం కాలేదని, చెప్పబోయి ఆగిపోయినప్పుడే తెలిసింది.

కాకా స్విచ్ విప్పి చేతిలో పెట్టాడు. అది ఒక స్విచ్ కాదు, ఒకే డబ్బాలో రెండు. కాలు పెట్టనప్పుడు ఒకటి తెరిచి ఉంటుంది, ఇంకోటి మూసి ఉంటుంది. బ్రేక్ తొక్కితే రెండూ తిరగబడతాయి. ఒకటి లైట్లు వెలిగిస్తుంది, రెండోది ఈసీయూకి విడిగా చెబుతుంది. ఈసీయూ రెండింటినీ చూస్తుంది. మీటర్ పెట్టి చూస్తే మా స్విచ్‌లో రెండో కాంటాక్ట్ అరిగిపోయి సరిగ్గా మూసుకోవడం లేదు.

"ఇద్దరు సాక్షులు బిడ్డా," అన్నాడు కాకా. "ఒకడు బ్రేకు తొక్కలేదంటున్నడు, ఇంకొకడు తొక్కిండంటున్నడు. గట్లుంటే జడ్జి తీర్పు ఇయ్యడు. గందుకే నీ క్రూజ్ ఆన్ అయితలేదు. నువ్వేమో ఒక సాక్షి నోట్లె గుడ్డ కుక్కి, ఎప్పటికీ తొక్కలేదు అనే చెప్పుమంటున్నవ్."

ఇంప్లాసిబుల్ అనే మాట నాకు ఆ రోజు అర్థమైంది.

నేను వైరు కోసి ఉంటే ఏమయ్యేది? క్రూజ్ పనిచేసేది. లైట్ల వైపు కాంటాక్ట్ బాగున్నన్ని రోజులు బహుశా బ్రేక్‌తో ఆగేది కూడా. నేను సంతోషంగా హాస్టల్‌కి వచ్చేసేవాణ్ని. కానీ అది కూడా అదే డబ్బాలో, అదే వయసున్న కాంటాక్ట్. ఏదో ఒక రోజు నిర్మల్ దాటాక అది కూడా పోతే, బాపు బ్రేక్ తొక్కుతుంటే ఇంజన్ వేగం నిలబెట్టాలని ఇంకా డీజిల్ ఇస్తూనే ఉండేది. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకి ఇరవై రెండు మీటర్లు. ఏం జరుగుతుందో అర్థమయ్యేలోపే లారీ వెనక భాగం వచ్చేస్తుంది. కారుకి బుద్ధి ఉండే ఆగింది. నేను ఆ బుద్ధినే బగ్ అనుకున్నాను.

కొత్త బ్రేక్ స్విచ్ ధర, ఆ స్క్రాప్ ఇండికేటర్ స్విచ్ ధరలో పావు వంతు కూడా లేదు. అది పెట్టగానే ఫాల్ట్ పోయింది, క్రూజ్ పట్టుకుంది. కానీ కాకా అప్పుడే తాళం ఇవ్వలేదు. ఖాళీ రోడ్డు మీద వరుసగా చేయించాడు. బ్రేక్‌ని కేవలం తాకు, వదలాలి. క్లచ్ తొక్కు, వదలాలి, ఇంజన్ గర్జించొద్దు. స్విచ్ ఆఫ్ చెయ్, వదలాలి. ఆఖరికి క్రూజ్ ఫ్యూజు పీకించి, బండి మామూలుగా నడుస్తుందో లేదో కూడా చూశాడు. ఒక్కోటి పది పది సార్లు. నాకు విసుగొచ్చింది. ఆయనకు రాలేదు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మనం ల్యాబ్‌లో ప్రోగ్రాం రాస్తే ఏం చూపిస్తాం? నడిచేది చూపిస్తాం. మేడమ్ వచ్చి సరైన ఇన్‌పుట్ ఇస్తారు, సరైన అవుట్‌పుట్ వస్తుంది, సంతకం పడుతుంది. ఎర్రర్ వస్తే ఆ చెకింగ్ లైన్‌ని కామెంట్ చేసేసి డెమో ఇచ్చినవాళ్లం మనలో ఎంతమంది లేం? నేను చేశాను. అది నా కటింగ్ ప్లయర్ లాంటిదే. ల్యాబ్‌లో అయితే మార్కులే పోతాయి. కానీ రేపు మనం రాసేది ఎవరి బాపు కారులోనో, ఎవరి అమ్మ పక్కనుండే ఇన్ఫ్యూజన్ పంపులోనో ఉంటుంది. ఆ ఐదు వైర్లలో ఏముందో నేను తర్వాత లెక్కపెట్టుకున్నాను. పవర్ తీసేస్తే నాలుగు సంకేతాలు: ఆన్-ఆఫ్, సెట్, రిజ్యూమ్, క్యాన్సిల్. వాటికి తోడు రెండు బ్రేక్ కాంటాక్టులు, ఒక క్లచ్ స్విచ్. పొమ్మని చెప్పేవాటికంటే ఆపేవే ఎక్కువ. ఆ లెక్క పెట్టినవాళ్లకు తెలుసు ఏం చేస్తున్నారో.

మన రోడ్ల మీద క్రూజ్ కంట్రోలా, పిచ్చా అని అడిగేవాళ్లున్నారు. సగం నిజమే. కోతల కాలంలో మన దగ్గర రోడ్డు మీదే వడ్లు, మక్కలు ఆరబోస్తారు. చీకటి పడ్డాక వెనక లైట్ లేని ట్రాక్టర్ ఎదురవుతుంది. ఊరి మధ్య నుంచి పోయే రోడ్డు మీద, ఘాట్ మలుపుల్లో, వాన పడి తడిగా ఉన్నప్పుడు, నిద్ర వస్తున్నప్పుడు దాన్ని వాడకూడదు. బాపుకి కూడా అదే షరతు పెట్టాం: నాలుగు వరుసల రోడ్డు, పగటి పూట, ముందు ఖాళీ ఉంటేనే. కాలు బ్రేక్ దగ్గరే ఉండాలి, సీటు మీద మడిచి పెట్టుకోవద్దు. కానీ ఆ మిగిలిన రోడ్డు మీద కాలుకి కాసేపు విశ్రాంతి దొరకడం విలాసం అని నేననుకోను. నొప్పి ఉన్న కాలుతో బ్రేక్ తొక్కేవాడి కంటే, నొప్పి లేని కాలుతో తొక్కేవాడు నయం.

మరి చట్టం? ఆర్‌సీలో రాసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. కంపెనీయే వేరే మోడల్‌కి ఇచ్చిన బటన్లు పెడితే ఆ వివరాలేవీ మారవని నా అభిప్రాయం. అయినా మేం ఇన్సూరెన్స్ వాళ్లకు రాసి ఇచ్చాం. దాచిపెట్టి చేయాల్సిన పని అయితే అసలు చేయకపోవడమే మంచిది.

మీలో ఎవరైనా ఇంట్లో పాత కారుకి ఇది పెట్టాలనుకుంటే నా మాట ఒక్కటే. మొదటి రోజు బటన్లు కొనకండి. మొదటి రోజు బ్రేక్ స్విచ్‌లో రెండు కాంటాక్టులూ, క్లచ్ స్విచ్ సరిగ్గా ఉన్నాయో లేదో మీటర్‌తో చూడండి. క్లచ్ స్విచ్ అసలే లేకపోతే అది పెట్టించాకే మిగతా పని. కారు ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవట్లేదో అడగండి. నోరు మూయించకండి.

పోయిన వారం బాపు ఆదిలాబాద్ చేరి ఫోన్ చేశాడు. మోకాలు ఎట్లుంది అని అడిగాను. "మోకాలు మంచిగనే ఉన్నది. నేరడిగొండ కాడ మేకలు అడ్డం వచ్చినయ్. బ్రేకు మీద కాలు పెట్టంగనే ఇడిసిపెట్టింది" అన్నాడు.

వేగం ఎంత పెట్టావని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.